బంగారు పాత్రల నిషేధము - కుమ్మరి మెరుగు

ఇస్లామీయ కళలను గురించి వెలువడే గ్రంథాలలోనూ, మ్యూజియంలలో అద్దాల బీరువాల పక్కన పెట్టే చీటీలలోనూ ఒక మాట పదే పదే కనిపిస్తూ వుంటుంది. వెండి బంగారు పాత్రలలో తినటాన్నీ త్రాగటాన్నీ దైవప్రవక్త (సల్లం) నిషేధించారు. ఆ నిషేధాన్ని పాటిస్తూనే దస్తర్‌ఖాన్‌కు శోభ తెచ్చుకోవాలన్న కోరికతో ముస్లిం కుమ్మరులు మట్టి పాత్రకే బంగారు మెరుపు పట్టించే విద్యను కనిపెట్టారు - అన్నదే ఆ మాట. ‘లస్టర్‌’ అని పేరుపొందిన లోహకాంతి పూత పాత్రలను గురించి వ్రాసే ప్రతివారూ దీనిని ఒకరి నుండి ఒకరు ఎత్తి వ్రాసుకుంటూ వచ్చారు.

ఈ మాట ఇంతగా నిలదొక్కుకోవటానికి కారణం లేకపోలేదు. ఇది ఇరుపక్షాల వారికీ ఇంపుగా వుంటుంది. ముస్లిముల చరిత్రలో జరిగిన ప్రతిదానికీ ఏదో ఒక మతశాసనమే మూలమని తలచే ప్రాచ్య విద్యా పండితునికి ఇది శ్రమ తప్పిస్తుంది. ముస్లిం పాఠకునికేమో, ఒక షరీఅతు ఆజ్ఞ నుండి లోకం మెచ్చిన కళ ఒకటి పుట్టిందంటే సంతోషంగా వుంటుంది. ఇద్దరికీ నచ్చిన మాటను పరీక్షించవలసిన అవసరం ఎవరికీ తోచదు. కాని హదీసును ఒక చారిత్రక పరిణామానికి కారణంగా చూపుతున్నప్పుడు, ఆ చూపటం తప్పయిన పక్షంలో మచ్చ హదీసుకే అంటుతుంది. ఉల్లేఖకుల పరంపరను ఒక్కొక్క పేరుగా పట్టి పరీక్షించిన సంప్రదాయానికి వారసులైనవారు, హదీసు పేరు చెప్పి వినిపించే చరిత్రను మాత్రం ఏ పరీక్షా లేకుండా అంగీకరించటం సబబు కాదు.

నిషేధం ప్రామాణికమైనది, అందులో వాదానికి తావు లేదు. సహీహ్‌ బుఖారీలోనూ, సహీహ్‌ ముస్లింలోనూ అది వున్నది. హజ్రత్‌ హుజైఫా (రజి) మదాయిన్‌లో వున్నప్పుడు మంచినీళ్ళు అడుగగా, అక్కడి దిహ్‌ఖాన్‌ ఒకడు వెండి పాత్రలో తెచ్చి ఇచ్చాడు. ఆయన ఆ పాత్రను విసిరికొట్టి, తాను వారించినా అతడు మానలేదని చెప్పి, ప్రవక్త (సల్లం) వారి నిషేధాన్ని వినిపించారు. మదాయిన్‌ సాసానీ చక్రవర్తుల రాజధాని. వెండి పళ్ళెం, వెండి కూజా ఆ దర్బారు వైభవానికి గుర్తులు. హజ్రత్‌ ఉమ్మె సల్మా (రజి) ఉల్లేఖించిన హదీసులో వెండి పాత్రలో త్రాగేవాడు తన కడుపులో నరకాగ్నిని నింపుకుంటున్నాడన్న హెచ్చరిక వున్నది. ఈ రెండింటిలోనూ కనిపించేది ఆడంబరం పట్ల నిరసన. ఆ ఆడంబరాన్నే మరొక పదార్థంలో తిరిగి సంపాదించుకోవటం ఈ హదీసుల స్ఫూర్తికి ఎంత దూరమో, పై వాదం చేసేవారు ఆలోచించినట్లు లేదు. వారి లెక్క ప్రకారం ముస్లిం కుమ్మరి ధర్మాన్ని పాటించినవాడు కాడు, ధర్మానికి దొడ్డిదారి కనిపెట్టినవాడు అవుతాడు. మెప్పుగా చెప్పే మాటలో ఇంత నింద దాగి వున్నది.

ఇక కాలం సంగతి. నిషేధం హిజ్రీ తొలి సంవత్సరాల నాటిది. మట్టి పాత్ర మీద లోహకాంతి పూత కనిపించేది హిజ్రీ 3వ శతాబ్దంలో, అనగా క్రీ.శ. 9వ శతాబ్దపు ఇరాక్‌లో. నడుమ దాదాపు రెండు వందల సంవత్సరాలు వున్నవి. సహాబీలు, తాబియీన్లు, వారి తర్వాతి తరాలవారు - నిషేధాన్ని అందరికంటె నిష్ఠగా పాటించినవారు - మట్టి, కర్ర, రాగి, ఇత్తడి, గాజు పాత్రలలో తిని త్రాగి కాలం గడిపారు. మెరుపు లేని లోటు వారికి తెలిసినట్లు ఎక్కడా కనిపించదు. కారణం ఇంత ముందు పుట్టి కార్యం ఇంత ఆలస్యంగా పుడితే, ఆ రెంటినీ కలిపే ముడి మరేదైనా వుండాలి.

ఆ ముడి కోసం ఆకాశం వైపు చూడనక్కరలేదు. గాజు బట్టీ వైపు చూస్తే చాలు. లోహకాంతి పూత మొదట పుట్టింది మట్టి మీద కాదు, గాజు మీద. ఈజిప్టు, సిరియా దేశాల గాజు పనివారు వెండి, రాగి కలిసిన రంగుతో గాజు మీద బొమ్మలు వ్రాసి, తక్కువ వేడిలో కాల్చి, ఆ రంగును గాజులోకి ఇంకించటం నేర్చారు. ఈజిప్టు గవర్నరుగా క్రీ.శ. 773లో వున్న అబ్దుస్సమద్‌ ఇబ్న్‌ అలీ పేరు గల గాజు పాత్ర ఒకటి ఫుస్తాత్‌లో దొరికింది. పాత్రలో త్రాగటం, గాజులో రంగు ఆడటం, రెండూ అందులో వున్నవి. బంగారాన్ని అనుకరించాలన్న ప్రయత్నం లేదు. ఈ విద్య తర్వాతి వందేళ్ళలో ఇరాక్‌ కుమ్మరుల చేతికి వచ్చింది. మెరుగు పూత అంటే మట్టి మీద కరిగి పరచుకున్న గాజు పొరే గనుక, గాజు మీద సాగిన పని మట్టి పాత్ర మీద సాగటంలో ఆశ్చర్యం లేదు.

ఇరాక్‌ కుమ్మరికి ఆ కాలంలో మనసులో వున్న ఆదర్శం ఏది? దీనికి సమాధానం చైనా. ఖురాసాన్‌ గవర్నరు అలీ ఇబ్న్‌ ఈసా ఖలీఫా హారూన్‌ రషీద్‌కు పంపిన కానుకలలో, అంతకు మునుపు ఏ ఖలీఫా దర్బారులోనూ ఎవరూ చూడని చైనా రాజాస్థానపు పింగాణీ ఇరవై వస్తువులు వున్నాయని, అవిగాక సామాన్యమైన పింగాణీ రెండువేల దాకా వున్నదని 11వ శతాబ్దపు చరిత్రకారుడు బైహఖీ వ్రాశాడు. ఇండోనేషియాలోని బెలితుంగ్‌ దీవి దగ్గర 1998లో బయటపడిన ఓడ శిథిలం ఈ వర్తకం ఎంత పెద్దదో కంటికి చూపించింది. పలకలను మేకులు లేకుండా తాళ్ళతో కుట్టిన ఆ పడమటి సముద్రపు ఓడలో దాదాపు 60,000 చైనా పాత్రలు వున్నవి. అందులో ఒక గిన్నె మీద క్రీ.శ. 826కు సరిపోయే తేదీ వున్నది. పింగాణీ మోజు తర్వాత కూడా తగ్గలేదు. రయ్యి నగరంలో నివసించిన ఇస్ఫహాన్‌ వర్తకుడొకడి ఇంట్లో గిన్నెలు, పళ్ళేలు మొదలు దీపాల దాకా సమస్తం చైనా సామానేనని అల్‌బీరూనీ చెప్పాడు.

బస్రా కుమ్మరి కోరుకున్నది ఆ తెలుపును. కాని అతని దగ్గర చైనా మట్టి లేదు. పింగాణీని కాల్చేటంత వేడిని ఇవ్వగల ఆవమూ లేదు. వున్నది సున్నం కలిసిన పసుపుపచ్చని ఒండ్రుమట్టి. అతడు గాజుపూతలో తగరపు భస్మం కలిపాడు. సీసపు పూత నీళ్ళవలె పారదర్శకంగా వుంటుంది. తగరం కలిస్తే పాలవలె తెల్లబడి లోపలి మట్టిని మరుగుపరుస్తుంది. ఈజిప్టు, సిరియాలలో 8వ శతాబ్దంలోనే గాజుపూతలో తగరాన్ని వాడారని ఇటీవలి రసాయన పరీక్షలు చూపుతున్నవి. బస్రావారు ఆ ఉపాయాన్ని పట్టుకొని, చైనా గిన్నె ఆకారాన్ని - అంచు కొద్దిగా వెలుపలికి వంగటం, అడుగున పొట్టి పీఠం - సారె మీద తిప్పి, పైన తెలుపు పరిచారు. ఆ తెలుపు మీద కోబాల్టు నీలంతో ఒక పువ్వో, ఆకో, లేదా ఒకటి రెండు పంక్తుల అరబీ వ్రాతో వేశారు. 836 నుండి 892 వరకు ఖలీఫాల రాజధానిగా వున్న సామర్రాలో 1911-13 త్రవ్వకాలలో ఈ పెంకులు దొరికినందున చాలాకాలం వీటిని సామర్రా పాత్రలన్నారు. మట్టిలోని ఖనిజాలను పరీక్షించిన పిదప బస్రా పేరు స్థిరపడింది. ఈ నీలం తెలుపుల గిన్నెలను చూసిన కన్నుకు లోహం ఊహకు కూడా రాదు. చైనావారు ఆ తర్వాతి శతాబ్దాలలో నీలం తెలుపులతో లోకాన్ని ముంచెత్తిన సంగతి ఎరిగినవారు బస్రా కుమ్మరికి ఇవ్వవలసిన చోటు ఇంకా ఇవ్వలేదు.

ఈ తెల్లని పూత మీదనే లోహకాంతి పూత వచ్చింది. అందులో పని ఇది: ఒకసారి కాల్చిన పాత్ర మీద వెండి, రాగి లవణాలను ఎర్రమట్టితో, పులుపు ద్రవంతో నూరి బొమ్మ వ్రాస్తారు. రెండవసారి తక్కువ వేడిలో, గాలి ఆడనీయకుండా, పొగలో మగ్గనిస్తారు. లోహపు అతి సూక్ష్మమైన కణాలు గాజుపూత పైపొరలో దిగి నిలబడతవి. చల్లారాక పైన మిగిలిన మట్టిని రుద్దివేస్తే మెరుపు బయటపడుతుంది. మంట కొంచెం ఎక్కువైతే పూత మసిబారుతుంది, తక్కువైతే రంగే రాదు. ఇంత చేసినా అందులో బంగారం రవంత కూడా లేదు. పైగా వెండి వున్నది! నిషేధానికి జడిసి ఈ విద్యను కనిపెట్టారనేవారు ఈ సంగతిని గమనించినట్లు లేదు.

మరొక విశేషం. తొలినాటి లోహకాంతి పాత్రలు బంగారు వన్నెవి కావు. కెంపు ఎరుపు, తేనె రంగు, ఆకుపచ్చ, గోధుమ రంగు - ఇన్ని రంగులు ఒకే పాత్ర మీద, సందు లేకుండా, చుక్కలతో గీతలతో నింపివేసినట్లు వుంటవి. బంగారాన్ని తలపించే ఏకవర్ణపు పాత్రలు ఆ తర్వాత వచ్చినవి. అనుకరణే ఉద్దేశమైతే మొదట దగ్గరగా వుండి తర్వాత దూరం జరగాలి గాని, ఇలా తలక్రిందులుగా జరగదు. నిజానికి ఆ తొలి బహువర్ణ పాత్రలు అంత గొప్పవని అనటం కూడా కష్టమే. కొత్తగా చేతికి వచ్చిన విద్యను ఒక్కసారే అంతా ప్రదర్శించాలన్న తొందర వాటిలో కనిపిస్తుంది. కన్ను నిలిచేందుకు చోటు వుండదు.

ఎవరు కొన్నారు వీటిని? బంగారం, వెండి అందుబాటులో వున్న ప్రభువులు వాటిని మానుకోలేదు. 1060లలో ఫాతిమీ ఖలీఫా ముస్తన్సిర్‌ ఖజానా చెల్లాచెదురైనప్పుడు బయటపడిన సామాను జాబితాను ఆ శతాబ్దంలోనే రచించబడిన ‘కితాబుల్‌ జఖాయిర్‌ వత్తుహఫ్‌’ వర్ణించింది. స్ఫటికం, పింగాణీలతో బాటు వెండి బంగారు వస్తువులు అందులో కొల్లలు. ఇరాన్‌లోని అమీరులు చేయించుకున్న వెండి పానపాత్రలు నేటికీ మ్యూజియంలలో వున్నవి. ఇక 10వ శతాబ్దపు ఇరాకీ లోహకాంతి గిన్నెల మీద చేత మద్యపాత్ర పట్టుకొని కూర్చున్న మనిషి బొమ్మ అపురూపమేమీ కాదు. అట్టి గిన్నెను కొన్నవాడు వెండి కూజా విషయంలో మాత్రం హదీసును తలచి వెనుదీశాడని నమ్మాలంటే చాలా ఔదార్యం కావాలి.

అన్నిటికంటె బలమైన సాక్ష్యం ఖైరవాన్‌ జామె మసీదులో వున్నది. అక్కడి మిహ్రాబు చుట్టూ 9వ శతాబ్దం మధ్యలో అమర్చిన లోహకాంతి పలకలు నూటముప్పైకి పైగా మిగిలి వున్నవి. కొన్ని బహువర్ణాలవి, కొన్ని ఏకవర్ణం. ఇవి ఇరాకీ పనితనం. గోడకు అమర్చిన పలకలో ఎవరూ తినరు, త్రాగరు. పాత్రల నిషేధానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. తొలి తరంలోనే ఈ విద్య భోజనాల గది నుండి మిహ్రాబుకు చేరిందంటే, కుమ్మరి దీనిని బంగారానికి మారుగా కాక, వెలుగు పడిన వైపుకల్లా రంగు మారే ఒక స్వతంత్రమైన వస్తువుగానే చూశాడని అర్థం.

ఆనాటి వారి మాటలు కూడా ఈ సంగతినే సూచిస్తున్నవి. 1047 ప్రాంతంలో కైరోకు వచ్చిన పారసీక కవి, యాత్రికుడు నాసిర్‌ ఖుస్రో, ఫుస్తాత్‌ కుమ్మరుల గిన్నెలను చూసి ముచ్చటపడ్డాడు. వెలుపల ఆనించిన చేయి లోపల నుండి కనిపించేటంత పలుచనివని, చూసే కోణాన్ని బట్టి రంగు మారటంలో అవి బూఖలమూన్‌ అనే వస్త్రాన్ని పోలి వుంటవని వ్రాశాడు. బంగారు నగిషీలను, దర్బారు వైభవాలను వర్ణించటంలో చేయి తిరిగినవాడు; అయినా మట్టి గిన్నె దగ్గరకు వచ్చేసరికి బంగారాన్ని తలచుకోలేదు, రంగులు మార్చే గుడ్డను తలచుకున్నాడు. (ఆ ఊరి అంగళ్ళలో కిరాణా వర్తకులు సరుకుతో బాటు దానిని పోసి ఇచ్చే గాజు, మట్టి పాత్రలను కూడా తామే ఇచ్చేవారని ఆయనే చెప్పాడు. మట్టి పాత్ర అంత చవుక అయిన వీధిలోనే అంత విలువైన మట్టి పాత్ర కూడా తయారవుతూ వుండేది.)

ఎదుటి పక్షానికి బలం బొత్తిగా లేదనటం న్యాయం కాదు. 9వ శతాబ్దపు ఇరాక్‌లోనే అచ్చులో పోసి పసుపు మెరుగు పెట్టిన చిన్న చిన్న పాత్రలు కొన్ని వున్నవి. వాటి రూపం, ఉబ్బెత్తు నగిషీ లోహపు పాత్రలను స్పష్టంగా అనుకరిస్తవి. నిషేధాన్ని నిజంగా పాటించిన గృహస్థులు - ఉలమా కుటుంబాలు, వర్తకులు - మేలైన మట్టి పాత్రకు, గాజుకు, ఇత్తడికి గిరాకీ పెంచి వుంటారనటం కూడా సమంజసమే. ఒక నిషేధం ఒక కళ పెరగటానికి చోటు ఇచ్చిందనటం వేరు. ఆ కళను అదే కన్నదనటం వేరు. మొదటి మాటకు ఆధారం కొంత వున్నది. రెండవ మాట చెప్పినవారు చైనా వర్తకుడిని, ఈజిప్టు గాజు పనివాడిని, బస్రా ఆవం దగ్గర నిద్రమాని మంటను కాచిన మనిషిని చరిత్రలో నుండి తొలగించారు.

అయితే ఈ పాత్రలలో ధర్మానికి స్థానమే లేదా? వున్నది. కాని పండితులు వెదికిన చోట కాదు. మెరుపన్నది ఏమాత్రం లేని పాత్రల మీద, అక్షరాల రూపంలో వున్నది.

సామానీల ఏలుబడిలో (819-999) నీషాపూర్‌లోనూ, సమర్‌ఖంద్‌ పాత నగరమైన అఫ్రాసియాబ్‌లోనూ తయారైన తెల్లని గిన్నెలు, పళ్ళేలు ఇవి. ఇక్కడి కుమ్మరి తగరం జోలికి పోలేదు. ఎర్రగా కాలే మట్టి పాత్ర మీద మెత్తని తెల్లమట్టి నీళ్ళపూత పరిచి, ఆరాక నలుపు లేక ముదురు గోధుమ రంగుతో వ్రాసి, పైన పారదర్శకమైన సీసపు పూత వేశాడు. సీసపు పూత కింద రంగు పారిపోతుంది. అది పారకుండా రంగునే మట్టితో కలిపి చిక్కగా వాడాడు. చాలా చవుకైన సరుకు, చాలా తెలివైన ఉపాయం. అంచు చుట్టూ కూఫీ లిపిలో ఒకే ఒక పంక్తి. అలిఫ్‌, లామ్‌ల నిలువు గీతలు గిన్నె నడుమ వైపు ఈటెలవలె దూసుకువస్తవి. అడ్డ గీతలు అంచు వెంట సాగుతవి. మిగిలినదంతా తెలుపు. నడుమ ఒక్కొక్కప్పుడు ఒక చుక్క, లేదా ఒక ముడి. మధ్యయుగపు ఇస్లామీయ ప్రపంచంలో చేసిన లక్షలాది పాత్రలలో ఇంతకంటె నిండైనది లేదనిపిస్తుంది. తర్వాతి కాలపు ‘మీనాయీ’ గిన్నెల మీద ఏడు రంగులతో రాజులు, గుర్రాలు కిక్కిరిసి వుంటవి. చూడ ముచ్చటే, కాని పుస్తకంలోని బొమ్మను తెచ్చి గిన్నెకు అంటించినట్లు వుంటుంది. నీషాపూర్‌ పాత్ర మీది వ్రాత పాత్ర గుండ్రదనం నుండే పుట్టినట్లు వుంటుంది.

న్యూయార్కు మెట్రోపాలిటన్‌ మ్యూజియం వారు 1935-40లోను, తిరిగి 1947లోను నీషాపూర్‌లో త్రవ్వకాలు జరిపారు. ఆ పాత్రల మీద చార్లెస్‌ విల్కిన్‌సన్‌ వ్రాసిన పెద్ద గ్రంథం 1973లో వచ్చింది. అఫ్రాసియాబ్‌ వ్రాతలను సోవియట్‌ పండితుడు బోల్షకోవ్‌ అంతకు మునుపే చదివి ప్రకటించాడు. నీషాపూర్‌ వ్రాతలను సేకరించి ఇరానీ పండితుడు అబ్దుల్లా ఖూచానీ 1986లో ఒక సంపుటంగా వెలువరించాడు. అప్పటిదాకా చాలామంది ఈ వ్రాతలను ‘అలంకారం’ అనే ఒక్క మాటతో సరిపెట్టారు. అరబీ చదవలేని కళా విమర్శకునికి అక్షరం గీతగానే కనిపించటం సహజం. దీనికి సరిగా ఎదురుగా మరొక పొరపాటు వున్నది. అరబీ అక్షరం కనిపించగానే అది ఖుర్‌ఆన్‌ వాక్యమే అయి వుంటుందని భక్తుడైన పాఠకుడు అనుకుంటాడు. ఈ గిన్నెల మీద ఖుర్‌ఆన్‌ ఆయతులు బహు అరుదు. అన్నం పెట్టుకొనే, ఎంగిలి అయ్యే, పగిలి దిబ్బ మీద పడే వస్తువు మీద దైవవాణిని వ్రాయరాదన్న ఆదబు ఆ కుమ్మరికి వుండి వుండాలి.

మరి ఏమి వ్రాశాడు? పాత్ర యజమానికి బర్కతు, క్షేమం, సుఖం కలగాలన్న దీవెన చాలా చోట్ల వున్నది. దానగుణం స్వర్గవాసుల స్వభావమన్న మాట గిన్నె తర్వాత గిన్నె మీద తిరిగి తిరిగి వస్తుంది. ప్రతిఫలం తప్పక వస్తుందని నమ్మినవాడు ఇవ్వటంలో ఉదారుడై వుంటాడన్న మాట మరికొన్నిటి మీద. పనికి మునుపు చేసిన ఆలోచన పశ్చాత్తాపం నుండి కాపాడుతుందని ఒక గిన్నె. తన అభిప్రాయంతోనే తృప్తిపడేవాడు ప్రమాదంలో పడతాడని ఇంకొకటి. వీటిలో కొన్ని హదీసులుగా, కొన్ని హజ్రత్‌ అలీ (రజి) వారి సూక్తులుగా ప్రసిద్ధమైనవి. కొన్ని అరబీ సామెతలు. వీటిని ఒకచోట పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అతిథికి అన్నం పెట్టే పాత్ర మీద అన్నం పెట్టటాన్ని గురించే వ్రాశారు. గిన్నె నిండుగా వున్నప్పుడు వ్రాత మరుగున వుంటుంది. తింటున్న కొద్దీ అక్షరాలు పైకి వస్తవి. చదవాలంటే గిన్నెను చుట్టూ తిప్పాలి, లేదా దస్తర్‌ఖాన్‌ చుట్టూ కూర్చున్నవారు ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చదవాలి. నిషేధం చేయలేని పని - భోజనాన్ని ధర్మంతో ముడివేసే పని - ఈ నల్లని పంక్తి చేసింది.

ఆ ఊళ్ళ జనం మాట్లాడేది పారసీకం, వ్రాత అరబీ. అందుచేత ఇవి చదువుకున్నవారి ఇళ్ళ పాత్రలని అనుకోవచ్చు. రిచర్డ్‌ బులియెట్‌ అనే చరిత్రకారుడు 1992లో ఒక అడుగు ముందుకు వేసి, వ్రాత గిన్నెలు ముందుగా ఇస్లాం స్వీకరించిన పెద్ద కుటుంబాలవనీ, మనుషులు, జంతువుల బొమ్మలు గల పసుపు పాత్రలు తర్వాత స్వీకరించినవారి అభిరుచికి గుర్తులనీ వాదించాడు. ఆలోచింపజేసే వాదమే. కాని ఒకే ఇంట్లో రెండు రకాల సామాను వుండటానికి ఏ అడ్డూ లేదు గదా! పాత్రను చూసి తినేవాడి విశ్వాసానికి వయస్సు కట్టటం, పాత్ర మెరుపును చూసి హదీసును తలచుకోవటం లాంటిదే.

ఈ వ్రాతలను చదవటం తేలిక కాదు. చుక్కలు పెట్టరు, చోటు చాలకపోతే అక్షరం మింగేస్తారు, చోటు మిగిలితే ఒక గీతను సాగదీస్తారు. పారిస్‌ లూవ్‌ర్‌ మ్యూజియంలోని ప్రసిద్ధమైన పెద్ద పళ్ళెం ఒక్కటి చాలు. దాని మీది వాక్యం ఏదో ఒకటి మొదట చేదుగా వుండి చివరకు తేనెకంటె తీయగా వుంటుందని చెబుతుంది. ఆ ‘ఏదో ఒకటి’ ఏది? కొందరు ‘ఇల్మ్‌’ (విద్య) అని చదివారు. కొందరు ‘హిల్మ్‌’ (ఓర్పుతో కూడిన పెద్దమనసు) అని చదివారు. తేడా ఒకే అక్షరం - ఐన్‌ కావాలా, హా కావాలా అన్నది. మొదటి అర్థంలో ఆ పళ్ళెం మదరసా విద్యార్థికి ధైర్యం చెబుతున్నది; రెండవ అర్థంలో కోపం వచ్చిన గృహస్థును చల్లబరుస్తున్నది. అన్నం ముందు కూర్చున్న మనిషికి రెండవదే ఎక్కువ పొసగుతుందని అనిపించినా, కుమ్మరి చేయి ఏ అక్షరాన్ని వ్రాసిందన్నదే ప్రమాణం గాని పాఠకుడి ఇష్టం కాదు. రెండు అనువాదాలూ అచ్చులో తిరుగుతూనే వున్నవి. రెండవ చదువు వున్నదని చెప్పే చీటీ మాత్రం అరుదు.

అన్నీ ఇంత చదువదగినవి కూడా కావు. కాలం గడిచిన కొద్దీ ‘బరకా’ వంటి మాటను వ్రాసి వ్రాసి అది వంకర గీతల వరుసగా మారిన పాత్రలు ఎన్నో వున్నవి. అక్షరం తెలియని పనివాడు ఎదుట వున్న నమూనాను దించాడు. ఆ పాత్రల విషయంలో ‘అలంకారం’ అన్నవారి మాటే నిజం. దీనికి తోడు అంగడి మాయ ఒకటి. 20వ శతాబ్దంలో విక్రయానికి వచ్చిన నీషాపూర్‌ గిన్నెలలో పెంకులను అతికించి, లేని భాగాన్ని కొత్తగా పోసి, అక్షరాలను తిరిగి వ్రాసినవి చాలా వున్నవి. అరబీ రానివాడి కుంచె కింద వాక్యం ఎక్కడ తెగి ఎక్కడ అతుకుతుందో చెప్పనక్కరలేదు.

లోహకాంతి పూతను గురించి కుమ్మరి కుటుంబంలోనివాడే వ్రాసిన పుస్తకం ఒకటి నిలిచి వుండటం అదృష్టం. కాషాన్‌ నగరపు అబూ తాహిర్‌ వంశంవారు తరతరాలుగా లోహకాంతి పలకలు చేశారు. గాజుపూత పలకలకు పారసీకంలో, ఉర్దూలో ‘కాషీ’ అన్న పేరు ఆ ఊరి వల్లనే వచ్చింది. హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611లో అమర్చిన రంగుల పలకలను కూడా ‘కాషీ’ పని అనే అంటారు. ఆ వంశంలోని అలీ ఇబ్న్‌ ముహమ్మద్‌, ఇరాన్‌లోని వరామీన్‌ అనే ఊరిలో ఇమామ్‌జాదా యహ్యా సమాధికి 1265లో లోహకాంతి మిహ్రాబు చేశాడు. ఆయన కుమారుడు అబుల్‌ ఖాసిం ఆవం విడిచి కలం పట్టి చరిత్రకారుడైనాడు. 1301లో రత్నాలను, సుగంధ ద్రవ్యాలను గురించి వ్రాసిన గ్రంథం చివర కుమ్మరి విద్య మీద ఒక అధ్యాయం చేర్చాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1973లో జేమ్స్‌ అలన్‌ ప్రకటించాడు.

ఆ అధ్యాయంలో హదీసు ప్రసక్తి లేదు. వున్నదంతా రాళ్ళు, పాళ్ళు, మంట, పొగ. పాత్రకు కావలసిన ముద్దలో పది పాళ్ళు పలుగురాతి పొడి, ఒక పాలు గాజు పొడి, ఒక పాలు తెల్లమట్టి అంటాడు. కాంతి పూతకు హరిదళం వంటి ఖనిజాలు, మాక్షిక రాళ్ళు, కాల్చిన రాగి, మాడ్చిన స్వచ్ఛమైన వెండి చెబుతాడు. ఇరవైనాలుగు గంటలు నూరి, ద్రాక్షరసంలో లేదా సిర్కాలో కలపమంటాడు. పేరులో బంగారం వున్న రాయి ఒకటి ఆ జాబితాలో వున్నది, బంగారం లేదు. ఈ రకపు పాత్రకు ఆయన వాడిన పేరు ‘దో ఆతషీ’, రెండు నిప్పులది. దానిని చేసే ఇంటిలో పుట్టినవాడు దానిని మెరుపు పేరుతో గాని, లోహం పేరుతో గాని పిలువలేదు. ఎన్నిసార్లు కాల్చారన్న దానిని బట్టి పిలిచాడు. సరిగా కాలినది ఎర్ర బంగారంలా, సూర్యుని వెలుతురులా వుంటుందని ఆయనే అన్నాడు. కనుక పోలిక లేదనకూడదు. కాని ఆ పోలిక పని పూర్తయిన తర్వాత పనివాడి కంటికి తోచినది.

ఆయన తండ్రి చేసిన మిహ్రాబు ఇప్పుడు వరామీన్‌లో లేదు. ఆ సమాధి గోడల నుండి పలకలను 19వ శతాబ్దంలో ఊడదీసి అమ్మటం మొదలైంది. నక్షత్రాకారపు పలకలు అనేక దేశాల మ్యూజియంలకు చేరినవి, మిహ్రాబు పసిఫిక్‌ సముద్రం నడుమ హొనొలూలూలోని ఒక భవనానికి చేరింది. పుస్తకంలో చెప్పిన పద్ధతి మాత్రం మిగిలింది: పాత్రలను రెండవ ఆవంలో పెట్టి డెబ్బైరెండు గంటలు సన్నని పొగ పట్టాలి, చల్లారాక బయటకు తీసి, తడిమట్టితో రుద్దాలి, అప్పుడు రంగు పైకి వస్తుంది.